మార్చుటకు ముందు పరీక్షింపుడు

నడుచుచున్న యంత్రము మనకు ప్రయాణ సౌఖ్యము నిచ్చును. ఆగిన యంత్రము మనలను ప్రశ్నించును. ఆ ప్రశ్నకు యుక్తియుక్తమైన ఉత్తరము చెప్పగల విద్యార్థిని తయారుచేయుట పాఠశాల చేయవలసిన పనులలో నొకటి యని నా అభిప్రాయము. ఇందులకు మిక్కిలి తగిన సాధనము, నేడు పలువురు పాత యినుము క్రింద జమకట్టి మూలకు త్రోసివేసిన టూ-స్ట్రోకు ఇంజను. దానిని నాలుగు చిన్న చక్రముల గో-కార్టుకు అమర్చినప్పుడు అది బాలబాలికలకు ఆటవస్తువగును. అది ఆగినప్పుడు క్రమము తప్పక పరీక్షింప నేర్పినయెడల అదియే శాస్త్రపాఠ మగును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంజను భాగములను మార్చుటకు ముందు దోషకారణమును కనుగొనుట మన పిల్లలకు నేర్పవలెను. పనిశాలలో బహుమానము బండి వేగమునకు గాక, ఆ కారణమును కనుగొన్న విధానమునకు ఈయవలెను.

గో-కార్టు పుట్టుకయే యిట్టి ప్రయత్నముల వలన కలిగినది. 1956వ సంవత్సరమున అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రములో, పందెపు కారులను కట్టు పనియందు ఆరితేరిన ఆర్ట్ ఇంగెల్స్ అనునతడు, పచ్చిక కోయు యంత్రముల కొఱకు చేయబడిన చిన్న టూ-స్ట్రోకు ఇంజనును ఇనుప గొట్టముల చట్రమునకు బిగించి మొదటి కార్టును నడిపెను. 1959లో మెకల్లక్ అను కంపెనీ, చెట్లు కోయు రంపముల ఇంజనునుండి ఎమ్‌సీ-10 అను కార్టు ఇంజనును వెలువరించెను. అనగా ఒక పనికై పుట్టిన ఇంజనును మఱియొక పనికి తెచ్చి అమర్చుట ఈ బండికి వంశపారంపర్యముగా వచ్చిన గుణము. మన దేశమునందు ఇంజనీరింగు విద్యార్థులు తామే కట్టిన కార్టులతో పోటీలకు వచ్చుట నేడు క్రొత్త కాదు. పాత ఇంజనులకును మనకు కొదువ లేదు. 1972లో వెలువడిన బజాజ్ చేతక్ స్కూటరు, అదే యేట వచ్చిన లూనా మోపెడు, 1985 మొదలు 1996 వఱకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిలు, ఇవి యన్నియు మన తండ్రులు, మేనమామలు నడిపిన టూ-స్ట్రోకు బండ్లే. అట్టి బండి యొక్క ఇంజను ఏ పాత యినుప దుకాణమునుండియో పాఠశాలకు చేరుట కష్టము గాదు. చేరిన పిమ్మట అది మొదటి కిక్కుకే పలుకుట మాత్రము అరుదు.

దోషమును వెదకువాడు మొదట దోషము లేనప్పుడు ఇంజను ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను. టూ-స్ట్రోకు ఇంజనునందు పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవుటతోనే పని పూర్తియగును. పిస్టను పైకి పోవునప్పుడు దాని పైభాగమున మిశ్రమము నొక్కబడును. అదే సమయమున దాని క్రింద, క్రాంకు కేసునందు, శూన్యత యేర్పడి కార్బొరేటరునుండి క్రొత్త పెట్రోలు, గాలి, నూనెల మిశ్రమము లోనికి పీల్చబడును. పైన రవ్వ పుట్టి మిశ్రమము మండగా పిస్టను క్రిందికి త్రోయబడును. అది క్రిందికి వచ్చుచు మొదట పొగ పోవు ద్వారమును, వెంటనే క్రొత్త మిశ్రమము వచ్చు ద్వారమును తెఱచును. క్రాంకు కేసులో ఒత్తబడిన మిశ్రమము ఆ ద్వారముగుండ పైకెక్కును. ఇచ్చట వాల్వులు లేవు, వానిని కదల్చు గొలుసు లేదు. కాని ఈ నిరాడంబరతకు ఒక వెల గలదు. క్రాంకు కేసు ఇచ్చట నూనెతొట్టి కాదు. అది యొక పంపు. పంపునకు చిల్లు పడినయెడల ఇంజను చక్కగా నడువదు. ఈ యొక్క సంగతిని మఱచినవాడు టూ-స్ట్రోకు ఇంజనును ఎన్నటికిని బాగుచేయలేడు.

ఇక మన పనిశాలలయందు సాధారణముగా జరుగునదేమో చూతము. బండి ఆగినది. చుట్టును పదిమంది చేరుదురు. ఒకడు ప్లగ్గు పోయిన దనును. వేఱొకడు కార్బొరేటరులో చెత్త యనును. మూడవవాడు కాయిలు మార్చినగాని లాభము లేదనును. ఎవరి మాట గట్టిగా వినబడునో వారి మాటయే చెల్లును. ప్లగ్గు మార్తురు, బండి నడువదు. జెట్లు విప్పి ఊదుదురు, నడువదు. కాయిలు కొనితెత్తురు, బండి నడుచును, లేదా నడిచినట్లు కన్పట్టును. అందఱును సంతసింతురు. కాని యీ శ్రమ వలన నేర్చినదేమి? మూడు మార్పులు కలిసిపోయి, దేని వలన ఏమి జరిగినదో తెలియని స్థితి యేర్పడినది. ఇంకను కీడేమనగా, తీసివేసిన ప్లగ్గును కాయిలును నిజముగా చెడిపోయినవో లేదో యెవ్వరికిని తెలియదు. డబ్బు పోయినది, తెలివి రాలేదు.

ఈ అలవాటు వలని చెఱుపును ఒక ఉదాహరణముతో విశదీకరింతును. పాత స్కూటరు ఇంజను అమర్చిన కార్టు ఒకటి బాగుగానే బయలుదేరి, పదినిమిషములు పరుగెత్తి ఆగిపోవుచున్న దనుకొందము. ఇరువది నిమిషములు ఊరకుంచిన మరల నడుచును. పదినిమిషములకు మరల ఆగును. ఈ యొక్క లక్షణమునకు కనీసము మూడు కారణములు గలవు. మొదటిది పెట్రోలు ట్యాంకు మూతయందలి గాలిరంధ్రము మూసికొనిపోవుట. పెట్రోలు క్రిందికి దిగినకొలది పైన గాలి చేరవలెను; చేరని పక్షమున లోపల శూన్యత యేర్పడి పెట్రోలు ధార సన్నగిల్లి నిలిచిపోవును. రెండవది కాయిలు గాని కండెన్సరు గాని వేడెక్కినప్పుడు రవ్వ నీయకుండుట. మూడవది ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను సిలిండరునందు పట్టివేయుట. కొంతసేపు ఊరకుంచిన, మొదటి సందర్భమున గాలి మెల్లగా లోనికి చొరబడును. రెండవదానియందు కాయిలు చల్లబడును. మూడవదానియందు పిస్టను కుంచించి విడిపడును. మూడింటియందును బండి మరల నడుచును!

ఇట్టి సమయమున ప్లగ్గు మార్చువానికి ఏమి జరుగునో గమనింపుడు. క్రొత్త ప్లగ్గు తెచ్చి బిగించుటకు పావుగంట పట్టును. ఆ పావుగంటలో ఇంజను చల్లబడును. కిక్కు కొట్టగానే నడుచును. అతడు, ప్లగ్గు వలననే బాగుపడిన దని నిశ్చయించును, నలుగురికి చెప్పును, వారును నమ్ముదురు. జలుబు దానంతట తగ్గుచుండగా నడుమ త్రాగిన కషాయమునకు ఆ కీర్తి దక్కినట్లే యిదియు. తప్పు విఫలమైనయెడల మనకు మేలే; దాని నట విడిచిపెట్టుదుము. తప్పు సఫలమైనట్లు కన్పట్టుటయే ప్రమాదకరము. అదియే మూఢవిశ్వాసములకు మొదలు. ఇంజను విషయమున ఇట్లు తలంప నలవాటుపడిన బుద్ధి, ఔషధముల విషయమునను, వ్యవసాయ విషయమునను, ఊరి సంగతుల విషయమునను ఇట్లే తలంచును. నేను ఈ చిన్న బండిని గూర్చి యింత పట్టుదలతో వ్రాయుటకు ఇదియే హేతువు.

క్రమమెఱిగినవాడు చేయు పని వేఱు. బండి ఆగిన ఆ క్షణముననే, అది చల్లబడి సాక్ష్యము మాసిపోకమునుపే, అతడు చూడవలసినది చూచును. ఇంజను ఎట్లు ఆగినది? శ్వాస తగ్గినదానివలె మెల్లమెల్లగా నీరసించి ఆగినయెడల పెట్రోలు అందలేదని తలంచి ట్యాంకు మూతను తెఱచును. గాలి బుస్సుమని లోనికి పోయి, వెంటనే ఇంజను నడిచినయెడల కారణము దొరికినది. గాలిరంధ్రమును సూదితో శుభ్రపఱచిన చాలును, ఒక్క పైసా ఖర్చు లేదు. దీపమార్పినట్లు తటాలున ఆగినయెడల రవ్వను పరీక్షించును. ఆ వేడియందే ప్లగ్గు తీసి చూచినప్పుడు అది తడిగా నుండి, రవ్వ లేకయో, ఎఱ్ఱగా బలహీనముగా నుండియో యున్నచో కాయిలు, కండెన్సరుల వైపు పోవలెను. ఎవరో బ్రేకు పట్టినట్లు బిగిసి ఆగి, కిక్కు కదలనియెడల అది వేడిమి దోషము. అప్పుడు బలవంతముగా త్రొక్కరాదు. మూడు ప్రశ్నలు, మూడు చూపులు, రెండు నిమిషముల కాలము. అంతకు మించిన వస్తుసామగ్రి యేమియు నక్కఱలేదు.

అసలే నడువని ఇంజనుకును ఇట్టి క్రమమే గలదు. ఏ పెట్రోలు ఇంజనైనను నడుచుటకు మూడు కావలెను: తగిన మిశ్రమము, తగిన సమయమున రవ్వ, తగిన ఒత్తిడి. మొదట సులభముగా చూడదగినదానిని చూచి, పిమ్మట కష్టమైన దానికి పోవలెను. ట్యాంకులో పెట్రోలు ఎన్నాళ్లనాటిది? నెలల తరబడి నిలిచిన పెట్రోలులో తేలికయైన అంశములు ఆవిరియై, జిగురు మిగిలి, కార్బొరేటరునందలి వెండ్రుకవాసి జెట్లను మూసివేయును. నేడు మన దేశమున అమ్మబడు పెట్రోలునందు నూటికి 20 వంతుల వఱకు ఎథనాలు కలిసియున్నది. అది గాలిలోని తేమను గ్రహించును, పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తపఱచును. కావున పాత పెట్రోలును పాఱబోసి, క్రొత్తదానిని పోసిన పిమ్మటనే తక్కిన పరీక్షలకు పూనుకొనుట యుక్తము.

తరువాత నాలుగైదు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పి చూడవలెను. అది పొడిగా నున్నచో పెట్రోలు సిలిండరుకు చేరుటలేదు. కాక్, గొట్టము, ఫ్లోటు, జెట్టు అను క్రమమున వెదకవలెను. తడిసియున్నచో పెట్రోలు వచ్చుచున్నది గాని మండుటలేదు. కార్బొరేటరును ముట్టక రవ్వను పరీక్షింపవలెను. ఈ యొక్క చూపుతో సగము ఇంజను అనుమానమునుండి తొలగిపోవును. రవ్వను చూచుటకు ప్లగ్గును దాని తీగకు తగిలించి, ఇనుప భాగము సిలిండరునకు ఆనునట్లు పెట్టి కిక్కు కొట్టుదురు. ప్లగ్గు రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వెలువడును గనుక రవ్వ దానికి దూరముగా నుండవలెను. తీగను వట్టిచేత పట్టరాదు. రవ్వ బలహీనమైనచో పాయింట్లపై మసి, వాని నడుమ దూరము, తీగల అతుకులు, ఇవి కాయిలు కంటె ముందు చూడవలసినవి. పాయింట్ల నడుమ దూరము సాధారణముగా 0.3 మొదలు 0.4 మిల్లీమీటరుల వఱకు నుండును. ఆ దూరము మాఱినప్పుడు రవ్వ పుట్టు సమయమును మాఱును.

రవ్వయు పెట్రోలును సరిగానుండి ఇంజను పలుకనియెడల ఒత్తిడిని చూడవలెను. ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు పెట్టి కిక్కు కొట్టిన, వ్రేలిని గట్టిగా త్రోసివేయవలెను. ఒత్తిడి మాపకము గలవారు యాక్సిలరేటరును పూర్తిగా తెఱచి కొలుతురు. చిన్న యింజనులలో చదరపు అంగుళమునకు 100 పౌనులకు మించి యుండుట మేలు. అంతకు బాగుగా తగ్గినచో రింగులు, సిలిండరు అరిగినవని గాని తలప్యాకింగు కాఱుచున్నదని గాని యూహింపవలెను.

ఇచ్చటనే అనేకులు పొరపడు మర్మ మొకటి గలదు. పైనున్న సిలిండరు బిగువు సరిగానున్నను, క్రిందనున్న క్రాంకు కేసు గాలిని కాఱవిడువవచ్చును. క్రాంకు ఇరుప్రక్కల నుండు రబ్బరు సీళ్లు ఏండ్లు గడచినకొలది గట్టిపడి పగులును. మాగ్నెటో వైపు సీలు చెడినయెడల దొంగగాలి లోనికి పోయి మిశ్రమము పలుచనగును. యాక్సిలరేటరు వదలినను ఇంజను అఱచుచునే యుండును. గేర్ల వైపు సీలు చెడినయెడల గేర్లలోని నూనె పీల్చబడి దట్టమైన తెల్లపొగ వచ్చును, గేర్ల నూనె మాత్రము మాయమగుచుండును. ఇట్టి యింజనునకు కార్బొరేటరు స్క్రూలను నూఱుసార్లు త్రిప్పినను నిలుకడ రాదు. ద్వారములను బిగించి మూసి, 6 పౌనుల స్వల్పమైన ఒత్తిడిగల గాలిని లోనికెక్కించి, అతుకులపై సబ్బునీరు పూసి చూచినచో బుడగలు దోషస్థానమును వ్రేలెత్తి చూపును. సైకిలు ట్యూబు పంక్చరును నీటితొట్టిలో కనుగొను విద్యయే యిది!

ప్లగ్గు రంగును చదువుట మఱియొక విద్య. కొంతసేపు బరువుతో నడిపి, వెంటనే ఆపి చూచిన ప్లగ్గు లేత గోధుమరంగున నున్నచో మిశ్రమము సరియైనది. నల్లని మసి పట్టినచో మిశ్రమము చిక్కనైనది. అట్టి ఇంజను ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పలుకుచు, తడబడుచు నడుచును. తెల్లగా సున్నము కొట్టినట్లున్నచో మిశ్రమము పలుచనై ఇంజను ప్రమాదముననున్నది. విచిత్రమేమనగా, పలుచని మిశ్రమముతో నడుచు ఇంజను కొంతసేపు మిక్కిలి చురుకుగా పరుగెత్తును! వేగము నొక్కటే గుణముగా నెంచు బాలుడు ఇంజను బాగైనదని ఉప్పొంగునప్పుడే పిస్టను కరుగుటకు సిద్ధముగా నుండవచ్చును.

నూనె విషయమునను ఒక అపోహ గలదు. 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె, అనగా లీటరునకు 20 మిల్లీలీటరులు, చాల స్కూటరులకు పాటించిన కొలత. పాత ఇంజనుకు భయపడి కొందఱు రెట్టింపు నూనె పోసి, మిశ్రమము చిక్కబడిన దనుకొందురు. నిజమునకు జెట్టు గుండ పోవు ద్రవములో నూనె పాలు పెరిగిన కొలది పెట్రోలు పాలు తగ్గును. గాలితో పోల్చిచూడగా మిశ్రమము పలుచనగును. పొగ పెరుగును, ద్వారములు మసితో పూడును. ఇక ఆర్‌ఎక్స్ 100 వంటి యింజనులకు నూనె పంపు వేఱుగా నుండును. కార్టునకు అమర్చునప్పుడు ఆ పంపును తీసివేసి, పెట్రోలులో నూనె కలుపుట మఱచినచో ఇంజను కొలదికాలములోనే పట్టివేయును.

ఇంజనునందు దోషమే లేక, అమరికయందు దోషముండుటయు గలదు. స్కూటరు ఇంజను ఫ్యాను గాలితో చల్లబడును. ఆ గాలిని సిలిండరు చుట్టు నడిపించుట కొక రేకు తొడుగు గలదు. చట్రములో పట్టలేదని ఆ తొడుగును విప్పి పాఱవైచినచో ఫ్యాను తిరుగుచున్నను ఇంజను కాగిపోవును. మోటారు సైకిలు ఇంజను ఎదురుగాలికై చేయబడినది. కార్టులో దానిని కూర్చుండువాని వీపు వెనుక దాచినయెడల ఆ గాలి యెట్లు తగులును? ట్యాంకు కార్బొరేటరు కంటె దిగువనున్నచో పెట్రోలు తనంతట ఎక్కదు. ఇంజనును వాలుగా బిగించినచో ఫ్లోటు మట్టము తప్పి పెట్రోలు పొంగుటయో, చాలకుండుటయో తటస్థించును. రంపపు ఇంజనులకు ఫ్లోటు లేని పొర కార్బొరేటరులు పెట్టుటకు కారణమిదియే. రంపమును ఏ వైపు త్రిప్పినను అవి పనిచేయును. రబ్బరు దిమ్మలపై ఇంజను నిలిపి, దానినుండి చట్రమునకు తీగ కలుపుట మఱచినచో, చట్రమును ఆధారముగా చేసికొన్న ఆపుమీట పనిచేయదు. ఇవి యన్నియు ఏ పుస్తకమునను ఆ బండి పేరుతో వ్రాయబడి యుండవు. ఆ బండికి పుస్తకము కట్టినవారే వ్రాయవలెను. అందుచేతనే ఇది యుత్తమమైన పాఠము.

ఇచ్చట కొన్ని ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. టూ-స్ట్రోకు ఇంజను పొగ కక్కు నిరుపయోగమైన వస్తువు, విద్యుద్వాహనముల కాలమున దానిని నేర్పుట ఏల యని కొందఱందురు. పొగ మాట సత్యము. క్రొత్త మిశ్రమములో కొంత మండకయే పొగద్వారముగుండ పోవుట యీ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన దోషము. 2000వ సంవత్సరమునుండి మన దేశమున ఉద్గార నియమములు బిగిసిన కొలది ఈ బండ్లు క్రమముగా వెనుకబడుట న్యాయమే. దీనిని మరల రోడ్లపైకి తెమ్మని నేను చెప్పుటలేదు. వారమున కొకపరి, ఆరుబయట, కొలది నిమిషములు నడిపిన చాలును. నేర్వవలసినది ఇంజను గాదు, దోషము వెదకు క్రమము. విద్యుద్బండి ఆగినప్పుడును బ్యాటరీయా, తీగయా, మోటారా, దానిని నడపు పెట్టెయా యని విభజించి వెదకవలసినదే. కాని అందు దోషము కంటికి కానరాక పెట్టెలలో దాగియుండును. ఇందు ప్లగ్గు తడియై, పొగ తెల్లనై, సబ్బు బుడగయై కనబడును. అక్షరములు నేర్చువానికి పెద్ద అక్షరముల పుస్తకము ఇచ్చుట మన ఆచారమే గదా!

చేతులకు మసి అంటు పని చదువుకొను పిల్లలకేల యని కొందఱు తలిదండ్రులు సంకోచింతురు. రోడ్డు ప్రక్క చెట్టుక్రింద కూర్చున్న మెకానిక్కు, ఇంజను ధ్వని వినగానే దోషము చెప్పుట మీరు చూచియుందురు. అది యూహ కాదు. వేలకొలది ఇంజనులను విప్పి చూచిన చెవి అది. అతని తీర్పును మాత్రము అనుకరించి, అతని పరీక్షలను విడిచిపెట్టువాడు ఊహలో పడును. అతని పరీక్షలను కాగితముపై పెట్టి, ఏలయని ప్రశ్నించి, లెక్కకట్టి చూచు విద్యార్థికి అతని అనుభవమును, పుస్తకమును రెండును దక్కును. బాలికలను ఈ పనికి దూరముగా నుంచుటకును నాకు కారణము కానరాదు. ఓపికతో వరుస తప్పక చూచుటయే యిందు బలము.

అపాయము మాట మూడవది. ఇది మిక్కిలి గౌరవింపదగినది. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. పొగయందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయు శక్తి మాత్రము గలదు. వేడి ఇంజనుపై పెట్రోలు పోయరాదు. గొలుసునకు తొడుగు లేనిదే, బ్రేకు పరీక్షింపనిదే, ఆపుమీట పనిచేయనిదే కార్టును కదలనీయరాదు. తలకు హెల్మెట్టు లేనివానిని, వ్రేలాడు బట్టలు, విడిచిన జుట్టు గలవారిని దానిపై కూర్చుండనీయరాదు. పెద్దలు దగ్గఱ లేనప్పుడు పెట్రోలు గది తాళము తీయరాదు. ఇంజను నడుపు ముందు ఆపుట నేర్వవలె నను నియమమును మొదటి పాఠముగా పెట్టిన పాఠశాలకే ఈ బండి నుంచుకొను అర్హత గలదు.

ఇక నా ప్రతిపాదన. పాఠశాలలయందును కళాశాలలయందును ఇట్టి బండ్ల పోటీ పెట్టినప్పుడు బహుమానము సాధారణముగా ముందు గమ్యము చేరిన బండికి పోవును. అందువలన బాలుడు కారణము వెదకుట మాని క్రొత్త భాగములు కొనుట నేర్చును. డబ్బు గలవాని బండి గెలుచును. దీనికి బదులు ప్రతి జట్టునకు ఒక పుస్తకము ఇచ్చి, నాలుగు సంగతులు వ్రాయించవలెను: ఏమి చూచితిమి, ఏమి కారణమై యుండు ననుకొంటిమి, దానిని నిశ్చయించుటకు ఏ యొక్క పరీక్ష చేసితిమి, ఫలిత మేమి. పరీక్ష వ్రాసినగాని పానా చేతికి ఈయరాదు. ఒక పర్యాయమునకు ఒక్క మార్పే చేయవలెను. బండి బాగుపడిన పిమ్మట, వీలున్నచోట, పాత భాగమును మరల బిగించి దోషము తిరిగి వచ్చునో లేదో చూడవలెను. తిరిగి వచ్చినప్పుడే కారణము రుజువైనట్లు. బహుమానము ఆ పుస్తకమును చూచి ఈయవలెను. బండి నడువకపోయినను, దోషము క్రాంకు సీలునందున్నదని సబ్బు బుడగలతో చూపిన జట్టు, ఏమి మార్చుటచే నడిచినదో తెలియని జట్టు కంటె ఎక్కువ నేర్చినదని నా నిశ్చితాభిప్రాయము.

విద్యార్థులారా, మీరు పెరిగి యే వృత్తియం దుండినను, ఆగిన వస్తువులు మీ యెదుటికి వచ్చుచునే యుండును. నీరు తోడని పంపు, పండని చేను, తగ్గని జ్వరము, లెక్క కుదరని ఖాతా. అప్పుడు పదిమంది పది కారణములు చెప్పుదురు. మీరు తొందరపడి దేనినో మార్చుటకు ముందు, ఆగిన క్షణమున కనబడిన గుర్తు లేవో అడుగుడు. ఏ యొక్క చూపుతో సగము అనుమానములు తొలగునో ఆ చూపును మొదట చూడుడు. పాత ఇంజను మీకు వేగము నీయకపోవచ్చును. ఈ యలవాటు నిచ్చినయెడల దానికి పెట్టిన పెట్రోలు వ్యర్థము గాదు.